నడిచొచ్చిన మైసమ్మ

బాన్సువాడలో కుమ్మరివాడకు వెళ్లి భోజన్న ఇల్లు ఏదని అడిగితే ఇప్పటికీ ఎవరైనా చూపిస్తారు. కాకపోతే ఇదివరకు వెంట నడిచి గడప దాకా తీసుకుపోయేవారు, ఇప్పుడు ఉన్నచోటు నుంచే గడ్డం ఎత్తి "అటు" అంటున్నారు. ఆ తేడా ఎందుకొచ్చిందో చెప్పాలంటే మైసమ్మ కుంట సంగతి చెప్పాలి. కుంట సంగతి చెప్పాలంటే ముందు అతని భార్య శారదమ్మ సంగతి తెలియాలి.

భోజన్నకు అరవై దాటాయి. పేరుకు కుమ్మరే గానీ అతని ఇంట్లో సారె ఏడాదికి రెండుసార్లే తిరుగుతుంది, ఆషాఢంలో బోనం కుండలకు, దీపావళి ముందు ప్రమిదలకు. ఎండాకాలంలో తోపుడు బండి మీద నీళ్ల కుండలు పేర్చుకుని బస్టాండు పక్కన నిలబడతాడు. ఆ కుండలు ఎక్కడి నుంచో లారీలో వస్తాయి. "కుమ్మరోడివయ్యుండి కుండలు కొనుక్కొచ్చుడేందే" అని ఎవరైనా ఆటపట్టిస్తే "మన్నేదన్నా, నువ్విస్తవా" అని నవ్వేసేవాడు. నవ్వు వెనక ఉక్రోషం ఉండేది. మంచి బంకమన్ను దొరికేది ఒక్క మైసమ్మ కుంటలోనే, ఆ కుంట ఏటేటా చిన్నదవుతూ ఉంది.

వాళ్ల వంశానికి కుండలతో పాటు ఇంకో పని కూడా తాతల నాటి నుంచి వచ్చింది. కుంట కట్ట మీద, వేపచెట్టు కింద కట్టమైసమ్మ ఉండేది. మోకాలెత్తు రాయి, పసుపు రాసి రాసి బంగారు రంగు తేలిన రాయి. మంగళవారం మంగళవారం ఆమెకు నీళ్లు పోసి, బొట్టు పెట్టి, దీపం వెలిగించేది భోజన్నే. ఏటా కుంటలోంచి తీసిన మొదటి పిడికెడు మన్నుతో ఒక ప్రమిద చేసి ఆమె ముందు పెట్టాకే మిగతా మన్ను ఇంటికి తెచ్చుకునేవాడు. చెరువైనా కుంటైనా కట్టను కాసేది మైసమ్మే, అందుకే ఆమె చోటు కట్ట మీదే. అది ఆ వైపు పుట్టిన పిల్లలకు కూడా తెలుసు.

శారదమ్మ బీడీలు చుడుతుంది. మెత్తని మనిషి. కూరలో ఉప్పెక్కువైందని మొగుడంటే మారుమాట లేకుండా పెరుగు తెచ్చి వేసేది. అలాంటి మనిషి మీదికి ఆషాఢం బోనాల నాడు అమ్మవారు వచ్చేది. డప్పులు ఆమె ముందు ఆగి దరువు మార్చగానే జుట్టు విడిపోయేది, శిగమూగేది. ఆ గడియలో ఆమె నోటి నుంచి వచ్చిన మాట వాడకు తీర్పు. తగాదా పడ్డ అన్నదమ్ములను ఆమె ఎదురెదురుగా నిలబెట్టి తిట్టి కలిపిన రోజులున్నాయి. పెద్ద పెద్ద వాళ్లు కూడా ఆమె ముందు చేతులు కట్టుకునేవారు. అంతా అయ్యాక ఆమెకు ఒక్క ముక్క గుర్తుండేది కాదు. సాయంత్రం ఇంట్లో నీళ్లు తాగి, తంబాకు చాట ఒళ్లో పెట్టుకుని, సిగ్గుపడుతూ మొగుణ్ని అడిగేది.

"ఏం చెప్పిన?"

అతను ఒక్కొక్క మాటా గుర్తు చేసుకుని చెప్పేవాడు. ఆమె చెవులప్పగించి వినేది. పెళ్లయిన నాటి నుంచి ఏటా అదే వరస. ఇద్దరు ఆడపిల్లలు పుట్టి, పెరిగి, అత్తగారిళ్లకు వెళ్లిపోయారు గానీ ఆ ప్రశ్న మాత్రం ఆ ఇంట్లో అలాగే ఉండిపోయింది. అమ్మవారు తన నోటితో ఏమందో తెలుసుకోవడానికి ఆమెకు ఉన్న దారి భోజన్న ఒక్కడే.

ఇక కుంట. మొదట్లో దానికి నిఖార్సైన కట్ట ఉండేది. రోడ్లకనీ, ఇటుక బట్టీలకనీ ఎవరికి వాళ్లు తవ్వుకుపోగా అది నేల మట్టమైంది, మైసమ్మ కూర్చున్న దిబ్బ ఒక్కటే మిగిలింది. అయినా వాన కురిస్తే నీళ్లు పాత అలవాటు కొద్దీ ఆ పల్లంలోనే చేరేవి. అది శిఖం భూమి. అంటే నీళ్లు తగ్గినప్పుడు పట్టా ఉన్నవాళ్లు పంట వేసుకోవచ్చు గానీ ఇల్లు కట్టకూడదు. ఆ పట్టాలన్నీ వెంకట్రావు అనే ఆయన ఒక్కొక్కటే కొన్నాడు. బాన్సువాడ చుట్టూ వెంచర్లు వేసే మనిషి, తెల్ల చొక్కా, మెల్లని మాట. కొన్నాక లారీల కొద్దీ మొరం మట్టి తెచ్చి ఒక మూల పోయించాడు. ఆ వానాకాలం కుంటలో పట్టని నీళ్లు కట్ట కింద ఉన్న కుమ్మరివాడ మీదికి వచ్చాయి. ఇళ్లలో మంచాలు తేలాయి. కాల్చడానికి ఆరబెట్టిన భోజన్న ప్రమిదలన్నీ కరిగి మళ్లీ మన్నయ్యాయి. శారదమ్మ తునికాకు కట్టలను నెత్తిన పెట్టుకుని నడుం లోతు నీళ్లలో నిలబడింది.

నీళ్లు తీశాక ఇంకో కబురు వచ్చింది. పట్టణానికి కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా వేశారు, అందులో కుంట భూమిని ఇళ్ల జోన్‌లోకి మార్చే ప్రతిపాదన ఉంది. పక్కింటి రవీందర్ ఆ మ్యాపును ఫోనులో తెచ్చి అందరికీ చూపించాడు. ఎలక్ట్రిషియన్ పిల్లాడు, నాలుగు మాటలు గట్టిగా మాట్లాడగలడు.

"గీ పసుపు రంగంత ఇండ్లే మామా. ఇగ మన నెత్తి మీదికెల్లి నీళ్లు వోవుడే."

వాడంతా అతని వెనక నిలబడిందనుకుంటే పొరపాటు. వాడ చివర కిరాయి గదిలో ఉండే దేవీబాయి లాంటి వాళ్లకు ఆ పసుపు రంగు మరోలా కనిపించింది.

"మీకేంది, సొంత ఇండ్లున్నయి. ప్లాట్లు పడితే మాకు గింత జాగన్న దొరుకుతది. మా పిల్లలు ఎప్పటికీ కిరాయికే ఉండాల్నా?" అంది ఆమె.

ఆమె మాటలో న్యాయం లేదని ఎవరూ అనలేకపోయారు. అప్పటి నుంచి వాడ రెండుగా చీలింది. నల్లా దగ్గర పలకరింపులు తగ్గాయి. రవీందర్ అభ్యంతరాల కాగితం మీద సగం వాడే సంతకాలు పెట్టింది.

భోజన్న మాటకారి కాదు, కాగితాల మీద నమ్మకమూ లేదు. అతనికి తెలిసిన బలం ఒక్కటే. మే నెలలో ఒకరోజు మిట్టమధ్యాహ్నం, ఎండకు కుక్క కూడా బయట తిరగని వేళ, శారదమ్మ చెల్లెలింటికి పోయి ఉండగా తోపుడు బండి తీసుకుని కట్ట దగ్గరికి వెళ్లాడు. మైసమ్మకు మొక్కాడు. చెంపలు వేసుకున్నాడు. గడ్డపారతో రాయిని పెకిలించి, గోనెసంచిలో చుట్టి, బండి మీద పెట్టుకుని ఎండిన కుంటలోకి నడిచాడు. అమ్మవారు కుంట నడుమ కూర్చుంటే ఆమె మీద ఇల్లు కట్టే మొనగాడెవడు? అదీ అతని ఆలోచన. ఆలోచన బాగానే ఉంది. కానీ పల్లంలో పెట్టడానికి అతనికి చేతులు రాలేదు. వానొస్తే తల్లి బురదలో మునుగుతుంది. మెరక కోసం చూశాడు. ఎవరో ఎప్పుడో పంట కోసం వేసిన పొడుగాటి పాత గట్టు ఒకటి కుంటకు అడ్డంగా ఉంది. దాని మీద గుంట తీసి నిలబెట్టాడు. వెనక్కి వచ్చి వేపచెట్టు కింద ఆమె లేచిన గుంటలో ఒక ప్రమిద బోర్లించి మన్ను కప్పాడు, అమ్మ కూర్చున్న చోటు ఖాళీగా ఉంచకూడదని.

తెల్లారి వాడంతా గుప్పుమంది, మైసమ్మ నడిచొచ్చిందని. చెల్లెలింటి నుంచి పరుగున వచ్చిన శారదమ్మ ఆ గట్టు మీది రాయిని చూసింది. అప్పటికే డప్పులు తెచ్చారు. అవి ఆమె ముందు ఆగాయో లేదో జుట్టు విడిపోయింది.

"ఎవ్వలు తెచ్చిండ్రురా నన్ను? నేనే నడిచొచ్చిన. నా మీద ఇండ్లు కడుతరా? కట్టుండ్రి, నేను జూస్త."

జనం బోర్లాపడి మొక్కారు. రవీందర్ కూడా మొక్కాడు. గుంపు చివర నిలబడ్డ భోజన్న మాత్రం మొక్కలేకపోయాడు. అది నటన కాదని అతనికి తెలుసు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఒక్క అబద్ధం ఆడగా అతను వినలేదు.

ఆ సాయంత్రం ఆమె నీళ్లు తాగి ఎప్పటిలాగే అడిగింది.

"ఏం చెప్పిన?"

"నేనే నడిచొచ్చిన అన్నవు."

ఆమె కళ్లు నిండాయి. "నిజంగనే నడిచొచ్చిందా?"

అప్పుడు చెప్పేస్తే పోయేది. నాలుగు గోడల మధ్య, ఇద్దరి మధ్య, తేలిపోయేది. చాటలో తంబాకును వేలితో కెలుకుతూ "నువ్వే చెప్తివి గదా" అన్నాడు భోజన్న.

ఆ ఏడు బోనాలకు కోటగిరి నుంచీ, జుక్కల్ నుంచీ కూడా ఆటోలు కట్టుకుని వచ్చారు. శారదమ్మ కాళ్లు కడిగి నెత్తిన చల్లుకున్నారు. మొరం లారీలు ఆగిపోయాయి. రవీందర్ "మామా, మైసమ్మ మనల గట్టెక్కిచ్చింది" అని భుజం తట్టినప్పుడల్లా భోజన్న బీడీ వెలిగించుకుని తల తిప్పుకునేవాడు.

వెంకట్రావు తిట్టలేదు, పోట్లాడలేదు. కొబ్బరికాయలతో వచ్చి అమ్మవారికి మొక్కాడు. కొన్నాళ్లకు ఆ గట్టు మీద రేకుల షెడ్డు వేయించాడు. రాయి చుట్టూ టైల్స్ పరిపించాడు, గంట కట్టించాడు. దేవీబాయి వాళ్లు మురిసిపోయారు. రవీందర్ వాళ్లు కూడా ఏమీ అనలేకపోయారు, అమ్మవారికి నీడ వద్దని ఎవరంటారు? ఆ నీడ ఎందుకో దసరా దాటాక అర్థమైంది.

అభ్యంతరాలు వచ్చాయి కాబట్టి కుంట హద్దులు తేల్చడానికి సర్వేయర్ వచ్చాడు, వెంట పైఅధికారి ఒకాయన. వాడంతా కుంటలో చేరింది. పాత నక్షాలో కుంటకు కట్ట ఉంది, కట్ట మీద దేవత గుర్తు ఉంది. నేల మీద చూస్తే కట్ట లేదు. వెంకట్రావు ముందుకొచ్చి వినయంగా చెప్పాడు.

"కట్టమైసమ్మ యాడుంటది సార్? కట్ట మీదనే గదా. మీరే చూడుండ్రి, గీ గట్టు మీదనే ఉన్నది. గిదే కట్ట. కుంట గిటు దిక్కు. గా దిక్కంత బయటి భూమి."

ఆయన చెయ్యి చూపిన "గా దిక్కు" కుంటలో అన్నిటికన్నా లోతైన భాగం, కుమ్మరివాడను ఆనుకున్న భాగం. అక్కడ ఇళ్లు లేస్తే నీళ్లకు వాడ తప్ప వేరే దారి లేదు.

"అమ్మోరు ముందుగాల గాడ ఉండె సార్, యాపచెట్టు కింద. మొన్న ఎండాకాలంల గీడికి నడిచొచ్చింది," అన్నాడు రవీందర్. అందరూ అవునన్నారు. శారదమ్మ కూడా తలూపింది.

అధికారి మంచివాడే. విసుక్కోలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అన్నాడు. "దేవత నడిచొచ్చిందని నేను కాగితం మీద ఎట్ల రాయాలె? ఎవరైన మనిషి జరిపితే చెప్పుండ్రి, రాసుకుంట. జరిపినోళ్లు లేరంటే, ఎక్కడుంటే అదే హద్దనుకోవాల్సి వస్తది."

జరిపిందెవరో భోజన్నకు తప్ప వాడలో ఎవరికీ తెలియదు. "అమ్మోరిని మనుషులు జరుపుతరా సార్, కండ్లు పోవా" అంది వెనక నుంచి ఒక ముసలమ్మ. సర్వేయర్ కొలత గొలుసు సర్దుకున్నాడు.

భోజన్న శారదమ్మ వైపు చూశాడు. ఆడవాళ్ల ముందు వరసలో, తల మీద కొంగు కప్పుకుని, తన అమ్మవారి పక్కన ధీమాగా నిలబడి ఉంది. ఇప్పుడు నోరు విప్పితే కుంట మిగులుతుంది, వాడ మిగులుతుంది. కానీ ఇంతమంది ముందు ఆమె నోట పలికిన అమ్మవారు అబద్ధమవుతుంది. విప్పకపోతే ఆమె దేవతగా ఉంటుంది, వచ్చే వానాకాలం ఆ దేవత నడుం లోతు నీళ్లలో నిలబడుతుంది. ఏదో ఒకటి అమ్మవారే చేస్తుందని ఎదురు చూశాడు. ఆమె ఏమీ చేయలేదు.

"నేనే జరిపిన సార్," అన్నాడు.

మొదట ఎవరికీ వినబడలేదు. మళ్లీ చెప్పాడు.

"అమ్మోరు నడవలే. ఎండలో ఎవ్వలు లేంది చూసి గడ్డపారతోని పెకిలించి, నా బండి మీద తెచ్చిన. ఇండ్లు పడొద్దని తెచ్చిన. మునుగొద్దని గట్టు మీద పెట్టిన."

వెంకట్రావుకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. "గప్పుడు అబద్ధమాడినోడు గిప్పుడు నిజం చెప్తుండని ఎట్ల నమ్ముతరు సార్?"

భోజన్న వేపచెట్టు వైపు నడిచాడు. అందరూ వెంట నడిచారు. కూర్చుని చేతులతోనే మన్ను తోడాడు. తరాలుగా దీపాల నూనె తాగిన నల్లటి మన్ను బయటపడింది. దాని కింద బోర్లించిన ప్రమిద. అధికారి వంగి చూశాడు, సర్వేయర్ చేత ఫొటో తీయించాడు, భోజన్న చెప్పిందంతా రాసుకుని వేలిముద్ర తీసుకున్నాడు.

తిడతారనుకున్నాడు భోజన్న. కొడతారేమో అని కూడా అనుకున్నాడు. మగవాళ్లు కొందరు తిట్టారు కూడా. కానీ ఆడవాళ్లు అతని వైపు చూడనే లేదు. వాళ్లంతా శారదమ్మను చూశారు. ఆమె కాళ్లు కడిగిన వాళ్లు, ఆ నీళ్లు నెత్తిన చల్లుకున్న వాళ్లు, ఒక్కరూ వదలకుండా చూశారు. ఆమె కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుని ఎవరి వైపూ చూడకుండా ఇంటి దారి పట్టింది.

అతను ఇల్లు చేరేసరికి ఆమె పొయ్యి ముందు ఉంది.

"ఆనాడు అడిగిన గదా నిన్ను," అంది తిరిగి చూడకుండా.

"అడిగినవు."

"చెప్పకపోతివి."

"చెప్పకపోతిని."

అంతకు మించి ఆ ఇంట్లో ఆ సంగతి ఎన్నడూ రాలేదు. ఆమె అన్నం పెట్టింది. తిట్టి ఏడ్చి ఉంటే అతనికి ప్రాణం తెరిపిన పడేది. రోజులాగే పెట్టింది, రోజులాగే పెరుగు పోసింది.

ప్లాన్ మళ్లీ వచ్చినప్పుడు కుంట భూమి ఇళ్ల జోన్‌లో లేదు. వేపచెట్టు వెంబడి హద్దు రాళ్లు పాతారు. రవీందర్ మిఠాయి పంచాడు, భోజన్న ఇంటికి కూడా ఒక పొట్లం పంపాడు గానీ తను రాలేదు. దేవీబాయి ఇంకా కిరాయి గదిలోనే ఉంది. ఎదురుపడితే భోజన్న మొహం మీదే తలుపు వేసుకుంటుంది. ఆమెను తప్పుపట్టడానికి అతనికి నోరు రాదు.

మైసమ్మను తిరిగి కట్ట మీద నిలపడానికి వాడ పెద్దలు కోటగిరి నుంచి వేరే పూజారిని పిలిపించారు. అమ్మవారి మీద చెయ్యి వేసిన వాడి చేత్తో దీపం వద్దన్నారు. భోజన్న ఒప్పుకున్నాడు. అది తనకు న్యాయమైన శిక్షే అనుకున్నాడు. ఆ మంగళవారం దూరంగా నిలబడి, వేరే చెయ్యి ఆమెకు పసుపు రాయడం చూసి ఇంటికొచ్చి సారె ముందు కూర్చుని ఏడ్చాడు. శారదమ్మ చూసింది, చూసి లోపలికి వెళ్లింది.

వానాకాలం బాగా వచ్చింది. కుంట నిండింది. వాడలోకి నీళ్లు రాలేదు, పిల్లలు కాగితం పడవలు వదలడానికి కుంట దాకా పోవలసి వచ్చింది. కుంట నిండకముందే తెచ్చుకున్న మన్నుతో భోజన్న బోనం కుండలు చేశాడు. అన్నిటికన్నా ముందు శారదమ్మ కుండ చేశాడు, ఏటా చేసే దానికన్నా ఎక్కువ ఓపికతో. ఆమె దానికి సున్నం పూసి, పసుపు బొట్లు పెట్టి, అన్నం నింపి నెత్తికెత్తుకుంది.

దిబ్బ మీదికి డప్పులు వరసగా వచ్చి అలవాటు చొప్పున ఆమె ముందు ఆగాయి. దరువు మారింది. జనం కొంచెం వెనక్కి జరిగి చోటిచ్చారు. భోజన్న వేపచెట్టు అవతల నిలబడి రెండు చేతులూ జోడించాడు. తనను శపించినా సరే, పేరు పెట్టి నలుగురిలో తిట్టినా సరే, ఒక్కసారి ఆ తల ఊగితే చాలని మొక్కుకున్నాడు. డప్పుల వాళ్లు చేతులు నొప్పి పుట్టేదాకా కొట్టారు. శారదమ్మ బోనం మీద చెయ్యి వేసి, కుంట నీళ్లకేసి చూస్తూ నిటారుగా నిలబడింది. జుట్టు ముడి విడలేదు. కాసేపటికి రవీందర్ సైగ చేశాడు, డప్పులు ముందుకు కదిలాయి. ఆమె బోనం దింపి, మైసమ్మ ముందు పెట్టి, మొక్కి, అందరితో పాటు తిరిగొచ్చింది.

సాయంత్రం ఇంట్లో ఆమె నీళ్లు తాగింది. తంబాకు చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరించింది. భోజన్న గడప దగ్గర కూర్చున్నాడు. ఏటా ఆ వేళకు ఆమె అడిగేది, అతను చెప్పేవాడు. పొద్దుగూకే దాకా కూర్చున్నాడు. శారదమ్మ ఏమీ అడగలేదు.